కాఫీ అడిగితే ‘నేను టీపాట్‌ని’ అనే సర్వర్: 418 అనే సంఖ్య కథ

2018 మే 28న, జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు తమకు కావలసిన కోడ్ ప్యాకేజీలను తెచ్చుకునే ఎన్‌పీఎం అనే భాండాగారం కొందరి విషయంలో మొరాయించింది. కార్యాలయాల్లో ప్రాక్సీ సర్వర్ల, అంటే బయటి నెట్‌తో మాటలన్నీ తమ గుండా పంపే మధ్యవర్తి యంత్రాల, వెనుక నుంచి పనిచేసేవారు ప్యాకేజీ కోసం అడిగితే తెర మీద వచ్చిన సమాధానం ఇది: ‘418, నేను టీపాట్‌ని’. గడువు నెత్తి మీద ఉన్న ఇంజనీరుకు ఆ వాక్యం చూసి నవ్వాలో ఏడవాలో తోచని పరిస్థితి. ఎవరో సర్వర్‌లోకి చొరబడి చేసిన తుంటరి పని కాదది. అప్పటికి ఇరవై ఏళ్ల వయసున్న ఒక ఏప్రిల్ ఒకటో తేదీ పరాచికం వెబ్ యంత్రాంగంలో నిజమైన భాగంగా కలిసిపోయి, నిజమైన లోపం తలెత్తిన రోజున బయటపడింది. ఆ పరాచికం ఎలా పుట్టిందో, దాన్ని తీసేయాలని గట్టిగా ప్రయత్నించినవారు ఎందుకు వెనక్కి తగ్గవలసి వచ్చిందో చూస్తే, ఇంటర్నెట్ నియమాలు ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్నకు ఒక వింత సమాధానం దొరుకుతుంది.

ముందుగా ఆ మూడంకెల సంఖ్య సంగతి. బ్రౌజర్ ఒక పేజీ కావాలని అడిగినప్పుడు సర్వర్ తన జవాబులో అన్నిటికంటే ముందు రాసేది ఒక స్థితి సంఖ్య. 200 అంటే అడిగింది దొరికింది, ఇదిగో అని అర్థం. 404 అంటే అలాంటిదేదీ ఇక్కడ లేదని. ఈ సంఖ్యల్లో మొదటి అంకెకు ఉన్న విలువ చాలా ఎక్కువ. 2తో మొదలైతే పని అయినట్టు, 3తో మొదలైతే ఇంకోచోటికి వెళ్లమన్నట్టు, 4తో మొదలైతే తప్పు అడిగినవాడిది, 5తో మొదలైతే తప్పు ఇవ్వవలసినవాడిది. తనకు తెలియని సంఖ్య ఎదురైన సాఫ్ట్‌వేర్ కంగారు పడనవసరం లేదు. ఆ వరుసలోని మొదటి సంఖ్యగా దాన్ని లెక్కగట్టి ముందుకు సాగాలని, బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీ నియమమే చెబుతుంది. అంటే 418 అంటే ఏమిటో ఎరగని యంత్రం దాన్ని 400గా, ‘నువ్వు అడిగిన తీరు బాగోలేదు’ అన్న మామూలు మందలింపుగా తీసుకుంటుంది. మన కథలోని హాస్యం ఇన్నేళ్లు ఎవరికీ పెద్దగా హాని చేయకుండా బతకడానికి ఈ చిన్న సూత్రమే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

రెండో ముడి, ఆర్‌ఎఫ్‌సీలు అనే పత్రాలది. ఆర్‌ఎఫ్‌సీ అంటే ‘మీ అభిప్రాయాలు చెప్పండి’ అని కోరే పత్రం. స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి 1969 ఏప్రిల్ 7న మొదటిది రాసినప్పుడు, పెద్దలెవరో వచ్చి తమను తప్పుపడతారేమోనన్న బెరుకుతోనే ఆ వినయపూర్వకమైన పేరు పెట్టారు. తరువాతి కాలంలో ఇంటర్నెట్ నడవడికను నిర్ణయించే నియమాలన్నీ ఆ వరుసలోనే వెలువడ్డాయి గనుక, ఆర్‌ఎఫ్‌సీ అన్న ముద్ర ఉంటే చాలు అది శాసనమేనని బయటివారు అనుకుంటారు. నిజానికి వాటిలో ప్రమాణాలు కొన్నే. కొన్ని ప్రయోగాలు, కొన్ని కేవలం సమాచారం కోసం వెలువడినవి, మరికొన్ని ఏప్రిల్ ఒకటిన వెలువడే శుద్ధ పరిహాసాలు. ఈ తేడా గుర్తుంచుకోకపోతే 418 గురించి ప్రచారంలో ఉన్న సగం మాటలు తప్పుదారి పట్టిస్తాయి.

పరిహాస పత్రాల ఆనవాయితీ 1978 ఏప్రిల్ 1న మార్క్ క్రిస్పిన్ రాసిన 748వ ఆర్‌ఎఫ్‌సీతో మొదలైంది. దూరాన ఉన్న కంప్యూటర్‌ను నడిపే టెల్‌నెట్ అనే పద్ధతి వాడుతున్నప్పుడు ఇష్టం వచ్చినట్టు సమాచారాన్ని పోగొట్టుకునే సౌకర్యాన్ని ఆ పత్రం గంభీరంగా ప్రతిపాదించింది. 1990లో డేవిడ్ వెయిట్జ్‌మన్ పావురాల కాళ్లకు కట్టిన చీటీల ద్వారా ఇంటర్నెట్ ప్యాకెట్లను, అంటే సమాచారపు చిన్న ముక్కలను, పంపే పద్ధతిని వివరించారు. 2003లో స్టీవెన్ బెల్లోవిన్, దురుద్దేశంతో పంపే ప్రతి ప్యాకెట్‌లోనూ పంపేవాడే ఒక ‘దుష్ట బిట్’ను వెలిగించి పెట్టాలని, అప్పుడు దొంగలను పట్టుకోవడం నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌కు తేలికవుతుందని సూచించారు. భాషలో ఎక్కడా నవ్వు కనబడదు. ‘చేసి తీరాలి’, ‘చేయడం మంచిది’, ‘చేస్తే చేయవచ్చు’ అని అసలు ప్రమాణాల్లో కొలిచి వాడే క్రియలనే ఇక్కడా కొలిచి వాడతారు. హాస్యమంతా ఆ ముఖం మారని తనంలోనే ఉంటుంది.

పావురాల పత్రాన్ని నార్వేలోని బెర్గెన్ లినక్స్ బృందం 2001 ఏప్రిల్‌లో నిజంగానే అమలు చేసి చూసింది. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది. నష్టం 55 శాతం. అన్నిటికంటే వేగంగా వచ్చిన జవాబుకు 53 నిమిషాలు, ఆలస్యంగా వచ్చినదానికి గంటా 46 నిమిషాలు పట్టాయి. అవతలి యంత్రం నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే పింగ్ అనే మామూలు ఆదేశం ఈ లెక్కలన్నీ తన అలవాటు ప్రకారం మిల్లీసెకన్లలో, దశాంశ స్థానంతో సహా, ఏ ఆశ్చర్యమూ లేకుండా ముద్రించింది. ఇది గమనించదగ్గ విషయం. మంచి పరిహాస పత్రం తార్కికంగా ఎంత గట్టిగా ఉంటుందంటే, దాన్ని ఎవరైనా పట్టుకుని కూర్చుంటే పనిచేయించగలరు. 418ను కూడా అదే కాపాడింది, అదే ఇరకాటంలోనూ పెట్టింది.

ఇక కాఫీ పాత్ర దగ్గరకు వద్దాం. పానీయాలను నెట్‌వర్క్‌కు తగిలించే అలవాటు కంప్యూటర్ శాస్త్రవేత్తలకు పాతదే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980ల తొలినాళ్లలోనే విద్యార్థులు కోక్ యంత్రానికి తీగలు కలిపి, ఏ వరుసలో సీసాలున్నాయో, అవి చల్లబడేంత సేపు లోపల ఉన్నాయో లేదో తమ గదుల్లోంచే తెలుసుకునేవారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కంప్యూటర్ ప్రయోగశాలలో 1991లో జరిగినది మరింత ప్రసిద్ధం. అక్కడ ట్రోజన్ రూమ్ అనే గది వద్ద ఉన్న ఒకే ఒక్క ఫిల్టర్ కాఫీ పాత్ర మీద ఎన్నో గదులవారు, వేరే అంతస్తులవారు కూడా ఆధారపడేవారు. మెట్లెక్కి వచ్చేసరికి పాత్ర ఖాళీగా ఉండడం నిత్యకృత్యం. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్‌కీ కలిసి దానికి ఎదురుగా ఒక కెమెరా బిగించి, నిమిషానికి మూడుసార్లు బొమ్మ తీసి ప్రయోగశాలలోని కంప్యూటర్ల తెరల మూలన చూపే ప్రోగ్రామును రాశారు. 128 పిక్సెళ్ల చదరంలో నలుపు, తెలుపు ఛాయల్లో కనబడే ఆ మసక బొమ్మలో తెలియవలసింది ఒక్కటే: గాజు పాత్రలో నల్లని మట్టం ఎంతవరకు ఉందన్నది. 1993 నవంబరులో ఆ బొమ్మను వెబ్‌కు కలిపిన తరువాత, ఆ కాఫీ తాగే అవకాశం ఏ మాత్రమూ లేని దేశదేశాల జనం ఆ పాత్ర నిండిందో లేదో చూస్తూ కూర్చున్నారు. 2001 ఆగస్టు 22న కెమెరాను ఆపేశారు. చివర్లో వాడిన క్రప్స్ కంపెనీ కాఫీ యంత్రాన్ని ఈబేలో వేలం వేస్తే జర్మనీకి చెందిన వార్తా సైట్ స్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు కొనుక్కుంది.

ఈ నేపథ్యంలో 1998 ఏప్రిల్ 1న 2324వ ఆర్‌ఎఫ్‌సీ వెలువడింది. దాని పేరు హైపర్ టెక్స్ట్ కాఫీ పాట్ కంట్రోల్ ప్రోటోకాల్. రచయిత లారీ మాసింటర్ బయటి నుంచి రాళ్లు విసిరిన మనిషి కాదు. మరుసటి ఏడాది వెలువడి, ఏళ్ల తరబడి వెబ్ మొత్తానికి ఆధారంగా నిలిచిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం, అంటే 2616వ ఆర్‌ఎఫ్‌సీ, రచయితల జాబితాలో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ పక్కన ఆయన పేరూ ఉంది. అసలు ఇంటిని కట్టినవారిలో ఒకరే ఈ వెక్కిరింత బొమ్మను కూడా చేశారన్నమాట.

పత్రం లోపలికి తొంగిచూస్తే కాఫీ కాచమని చెప్పే ఆదేశం ‘బ్రూ’. మన కిరాణా కొట్లో దొరికే కాఫీ పొడి గుర్తుకు రావచ్చు గాని, ఇంగ్లీషులో అది కాచడం అనే మామూలు క్రియ మాత్రమే. పాలు పోస్తున్నప్పుడు ఇక చాలు అని చెప్పడానికి మరో ఆదేశం ఉంది. ఏ పాలు, ఏ తీపి, ఏ సుగంధం, ఏ మద్యం కలపాలో చెప్పుకునే వెసులుబాటు కూడా ఉంది. కెఫీన్ తీసేసిన కాఫీకి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. దానికి పత్రం ఇచ్చే వివరణ ‘దేనికి అది?’ అన్న ఒక్క ప్రశ్న. భద్రతకు సంబంధించిన భాగంలో, నాకూ నా పొద్దుటి కాఫీకీ మధ్య ఎవరు అడ్డొచ్చినా వారికి భద్రత లేదన్న హెచ్చరిక ఉంది. పొద్దున్నే డికాషన్ దిగేదాకా ఎవరితోనూ మాట కలపని మనుషులున్న ఇంట్లో పెరిగినవారికి ఆ వాక్యంలో అతిశయోక్తి కనబడదు. ఈ వరుసలోనే, టీపాట్‌ను కాఫీ కాయమని అడిగితే అది 418 అనే సంఖ్యను తిరిగి పంపాలని, ఆ జవాబు దేహం ‘పొట్టిగా, లావుగా ఉంటే ఉండవచ్చు’ అని రాసి ఉంది. ఇంగ్లీషు పిల్లలు ఒక చేతిని నడుముకు ఆనించి రెండో చేతిని కొమ్ములా చాచి పాడే టీపాట్ పాటలోని మాటలవి. ప్రమాణాల్లో ఐచ్ఛిక నియమాలకు వాడే క్రియతో ఆ పాటను అతికించడంలోనే చమత్కారమంతా ఉంది.

అయితే ఆ పత్రంలో నాకు అన్నిటికంటే పదునుగా తోచిన భాగం టీపాట్‌ది కాదు, ఫైర్‌వాల్‌ది. ఇంట్లో లేనప్పుడు కూడా కాఫీ పాత్రను నడపగలగడం ముఖ్యం గనుక ఈ ప్రోటోకాల్ ఫైర్‌వాల్‌లను సులువుగా దాటాలని, అందుకే దీన్ని హెచ్‌టీటీపీ మీద నిర్మించి 80వ పోర్టు అనే ద్వారం గుండా పంపుతున్నామని అక్కడ రాసి ఉంది. 1990ల చివర్లో ఇంజనీర్లకు అది నవ్వు తెప్పించడంతోపాటు గుచ్చుకునే మాట కూడా. సంస్థలు భద్రత కోసం తలుపులన్నీ మూసి, వెబ్ పేజీలు వచ్చిపోయే 80వ పోర్టు ఒక్కటే తెరిచి ఉంచేవి. దాంతో వెబ్ పేజీలతో ఏ సంబంధమూ లేని పనులను కూడా హెచ్‌టీటీపీ వేషం వేసి ఆ ఒక్క తలుపులోంచి తోయడం పరిపాటి అయింది. ప్రింటర్లను నడిపే పద్ధతి దాని మీదే, దస్త్రాలను సవరించే పద్ధతీ దాని మీదే. ప్రతి ఒక్కరూ తమ అవసరానికి ఒక కొత్త ఆదేశాన్ని, ఒక కొత్త స్థితి సంఖ్యను తగిలించేవారు. హెచ్‌టీటీపీని అసంబద్ధంగా సాగదీస్తున్న తీరును ఎత్తిచూపడమే తన ఉద్దేశమని మాసింటర్ తరువాత స్పష్టంగా చెప్పారు. కాబట్టి 418ను ఒంటరి జోకుగా చదివితే సగమే అర్థమవుతుంది. ఏదో ఒక ప్రత్యేక పరికరానికి తప్ప ఎవరికీ పనికిరాని సంఖ్యను వెబ్ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న వరుసలో ఇరికిస్తే ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో చూపే నమూనా అది.

తరువాత జరిగినదాన్ని మాసింటర్ ఊహించి ఉండరు. సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసేవారు స్థితి సంఖ్యల పట్టికను తమ కోడ్‌లోకి ఎక్కించేటప్పుడు, 417 తరువాత సరదాగా 418ని కూడా చేర్చారు. సర్వర్లలో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో చేరింది, గో అనే ప్రోగ్రామింగ్ భాష కోడ్ గ్రంథాలయంలో చేరింది, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ డాట్ నెట్‌లోనూ కనబడింది. గూగుల్ తన సైట్‌లో ఆ సంఖ్యకు ఒక పేజీనే కేటాయించి, నొక్కితే వంగి టీ పోసే టీపాట్ బొమ్మ పెట్టింది. కాఫీ ప్రోటోకాల్ కోసం పుట్టిన సంఖ్యను హెచ్‌టీటీపీలోనే పంపడం మొదలైంది. అంటే వేరే వ్యవహారానికి చెందిన సంఖ్య ఉమ్మడి వరుసలో చోటు ఆక్రమించడాన్ని వెక్కిరించిన పరిహాసం, తానే ఆ పని చేసి కూర్చుంది.

2017 ఆగస్టులో ఈ మెలికను విప్పబోయిన మనిషి మార్క్ నాటింగ్‌హమ్. హెచ్‌టీటీపీ ప్రమాణాలను చూసే కార్యబృందానికి అధ్యక్షుడిగా ఆయన నోడ్, గో తదితర ప్రాజెక్టుల తలుపు తట్టి, 418ను తీసేయాలని కోరారు. ఆయన వాదనలో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ సంఖ్య హెచ్‌టీటీపీలో ఎన్నడూ నమోదు కాలేదు. 4తో మొదలయ్యే స్థానాలు మొత్తం నూరే. రేపు నిజమైన అవసరానికి 418ను ఇవ్వవలసి వస్తే, అప్పటికే కోట్ల యంత్రాల్లో అది టీపాట్‌గా పాతుకుపోయి ఉంటుంది. ఆయన హాస్యం తెలియని మనిషి అన్న విమర్శ కొందరి నోట వినబడింది గాని, పట్టికను కాపాడవలసిన బాధ్యత ఉన్నవాడు అలా అడగకపోతేనే తప్పు.

కోరిక న్యాయమైనదే అయినా ఫలితం ఎదురుతిరిగింది. 15 ఏళ్ల విద్యార్థి ఒకరు 418ను కాపాడండి అంటూ ఒక సైట్ పెట్టారు. కంప్యూటర్ల వెనుక ఉన్నది మనుషులేనని గుర్తుచేసే చిహ్నంగా ఆ సంఖ్యను ఉంచాలన్న వాదన ప్రోగ్రామర్లలో వేగంగా పాకింది. ప్రాజెక్టుల నిర్వాహకులు తొలగింపును పక్కన పెట్టారు. ఇక్కడ భావోద్వేగం వెనుక ఒక సాంకేతిక న్యాయం కూడా ఉంది. ఒకసారి గ్రంథాలయంలో చేరిన పేరును తీసేస్తే, దాని మీద ఆధారపడిన ఎవరి ప్రోగ్రామో ఎక్కడో ఆగిపోతుంది. హాస్యానికైనా సరే, అలా ఆధారపడిన ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. నాటింగ్‌హమ్ తెలివైన పని చేశారు. పోరాటం కొనసాగించే బదులు, ఆ సంఖ్యను ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాలని ప్రతిపాదించారు. 2020లో పైథాన్ భాష కూడా తన 3.9 విడుదలలో 418కి అధికారికంగా పేరు పెట్టింది.

ఇదే వరుసలో మరో రెండు సంఖ్యలతో పోలిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ట్విట్టర్ ఒకప్పుడు, తన సర్వర్లను అతిగా అడిగేవారికి, ఎక్కడా నమోదు కాని 420 అనే సంఖ్యతో ‘కాస్త శాంతించండి’ అన్న జవాబు పంపేది. మన దగ్గర ఫోర్ ట్వంటీ అంటే మోసగాడు గనుక తెలుగు ప్రోగ్రామర్లకు అందులో వేరే నవ్వు కూడా దొరికి ఉంటుంది. 429 అనే సంఖ్య అదే పనికి సక్రమంగా నమోదైన తరువాత 420కి పని లేకపోయింది. ఇక 451, చట్టపరమైన కారణాల వల్ల చూపలేకపోతున్న పేజీలకు వాడేది. పుస్తకాలు తగలబెట్టే సమాజం గురించి రే బ్రాడ్‌బరీ రాసిన నవల పేరులోంచి ఆ సంఖ్యను ఎంచుకున్నారు. టిమ్ బ్రే ప్రతిపాదన మేరకు 2016లో అది ప్రమాణంగా వెలువడింది. అంటే సంఖ్యలో చమత్కారం ఉండడం ఎన్నడూ అడ్డంకి కాదు. 451 పని చూపించి లోపలికి వచ్చింది. 420 నిజమైన పనే చేసినా నమోదు లేక నిలవలేదు. 418 పని లేకుండానే, కేవలం వాడకం బలంతో నిలిచింది.

వాడకం అన్నప్పుడు అదంతా అమాయకమైనది కాదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన రోజుల్లో, రష్యా రక్షణ శాఖ వెబ్‌సైట్‌ను బయటి దేశాల నుంచి తెరవబోయినవారికి 418 జవాబు వచ్చింది. తమ అధికార సైట్ ద్వారం దగ్గర టీపాట్‌ను నిలబెట్టినవారి మనసులో ఏముందో గాని, తిరస్కరించడానికి 403 అనే చక్కని సంఖ్య ఉండగా దీన్ని వాడటంలో ఎగతాళి కనబడకపోదు. కొన్ని సైట్లు తమకు నచ్చని బాట్లను, అంటే మనిషి లేకుండా వాటంతటవే సైట్లు తిరిగే ప్రోగ్రాములను, తరిమేయడానికి కూడా ఇదే వాడతాయి. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. 429 వస్తే కాసేపు ఆగి మళ్లీ అడగాలని, 403 వస్తే అనుమతి లేదని యంత్రానికి తెలుసు. 418 వస్తే ఆగాలో, మానుకోవాలో, మళ్లీ ప్రయత్నించాలో చెప్పే నియమం లేదు. సర్వర్ లాగ్‌లు, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలు, చదివే ఇంజనీరు నవ్వుకుని ఊరుకోగలడు గాని, ఎన్‌పీఎం విషయంలో జరిగినట్టు, అతని పని మాత్రం అక్కడే ఆగిపోతుంది.

టీ ప్రియులకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి 2014 ఏప్రిల్ 1న ఇమ్రాన్ నజర్ రాసిన 7168వ ఆర్‌ఎఫ్‌సీ వచ్చిందన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మొదటి పత్రం టీపాట్‌ను కేవలం లోపంగా చూసిందని, టీ కాయడానికీ ఒక పద్ధతి ఉండాలని అది ప్రతిపాదించింది. ఉదాహరణల్లో డార్జిలింగ్ పేరు కూడా కనబడుతుంది. అందులో ఒక సూక్ష్మమైన తేడా చూపారు. టీ కాసే పాత్రకు ప్రస్తుతానికి కాఫీ కాసే ఏర్పాటు లేకపోతే 503 పంపవచ్చు, అది తాత్కాలిక అసౌకర్యం. 418 పంపితే మాత్రం తాను శాశ్వతంగా టీపాట్‌నేనని ప్రకటించుకున్నట్టు. సర్వర్లు నడిపేవారు నిత్యం తడబడే తాత్కాలిక, శాశ్వత లోపాల భేదాన్ని ఇంత శుభ్రంగా చెప్పిన అసలు ప్రమాణాలు కొన్నే ఉన్నాయి.

2022 జూన్‌లో హెచ్‌టీటీపీ నియమాలను కొత్తగా క్రోడీకరిస్తూ వెలువడిన 9110వ ఆర్‌ఎఫ్‌సీలో 418కి ఒక చిన్న భాగం దక్కింది. శీర్షికలో దాని పక్కన ‘వాడకంలో లేనిది’ అని ఉంటుంది. కిందనున్న వివరణ మాత్రం దాదాపు తలకిందులుగా ఉంటుంది. హెచ్‌టీటీపీని దుర్వినియోగం చేసే తీరును ఎగతాళి చేసిన ఏప్రిల్ ఒకటి పత్రంలో ఇది పుట్టిందని, ఇక ఏ ఇతర పనికీ పనికిరానంతగా దీన్ని జోకుగా వాడేశారని, అందుకే పట్టికలో దీన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టామని ఆ వివరణ చెబుతుంది. కాబట్టి 418 అధికారిక వెబ్ ప్రమాణమని చెప్పేవారు కొంచెం సవరించుకోవాలి. టీపాట్ అనే అర్థానికి హెచ్‌టీటీపీలో గుర్తింపు లేదు. ఆ అర్థం జనం చేతుల్లో ఉంది గనుక ఆ సంఖ్య జోలికి వెళ్లడం లేదన్న ఒప్పుకోలు మాత్రమే ఉంది. దానికి ఒక షరతు కూడా జోడించారు: 4తో మొదలయ్యే సంఖ్యలు అయిపోయే పరిస్థితి వస్తే దీన్ని మరో పనికి ఇవ్వవచ్చు. ఆ నూరింటిలో ఇప్పటికి కేటాయించినవి ముప్పై లోపే. దాదాపు డెబ్బై ఖాళీగా ఉన్నాయి గనుక టీపాట్‌కు ఖాళీ చేయమన్న నోటీసు ఇప్పట్లో రాదు.